ఆంగ్ల నవలలో ఇంటిగుట్టు

ఆంగ్ల నవల అనగానే మన విద్యార్థులలో అనేకులకు ముందుగా జ్ఞాపకం వచ్చేది పరీక్ష. కథాసంగ్రహం, పాత్రల స్వభావం, గ్రంథకర్త జీవితం అని మూడు తునకలుగా కోసిన గైడు పుస్తకాన్ని చేతబట్టి, మూలగ్రంథం అట్టయినా తిప్పకుండా ఉత్తీర్ణులయ్యేవారు లేకపోలేదు. ఆ గైడులో ఏ నవల కథ అయినా ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది. ఒక యువతీ యువకుడూ ప్రేమించుకొంటారు, నడుమ ఒక కుటుంబ రహస్యం బయటపడుతుంది, కష్టాలు వస్తాయి, చివరకు వివాహమో మరణమో సంభవిస్తుంది. ఇట్లు చదివినవారికి అవి దొరల దేశపు ప్రణయగాథలుగా మాత్రమే కనిపించుటలో ఆశ్చర్యం లేదు. ఇటువంటి గ్రంథాలు ఆడపిల్లల చేతికి ఇవ్వదగునా అని పెద్దలు కొందరు సందేహించటంలోనూ ఆశ్చర్యం లేదు. ఆ సందేహాన్ని మేము పరిహసించబోము. బిడ్డల మేలు కోరి పుట్టిన సందేహం అది. అయితే సందేహించేవారు గైడులోని కథను చూసి సందేహిస్తున్నారే గాని నవలను చూసి కాదని మా అభిప్రాయం.

"ఇంటిగుట్టు లంకకు చేటు" అని మన సామెత. గుట్టు బయటపెట్టినవాని మీదనే దాని చూపంతా. బ్రిటన్ నవలాకారులు, ముఖ్యంగా పందొమ్మిదవ శతాబ్దంలోనివారు, మరొక వైపు నుంచి చూశారు. ఆ గుట్టు ఎందుకు ఏర్పడింది? దానిని దాచవలసిన అవసరం ఎవరికి కలిగింది? దాచినంత కాలం దాని వెల ఎవరు చెల్లించారు? ఈ ప్రశ్నలతో ఆ నవలలను చదివితే ఒక సంగతి స్పష్టపడుతుంది. ప్రేమికుల నడుమ నిలిచే రహస్యాన్ని చాలాచోట్ల పుట్టించినది ఆస్తి, వివాహం, సంతానం అనే మూడింటిని గురించి ఆ దేశంలో అమలులో ఉండిన చట్టమే. చట్టం మారినప్పుడల్లా రహస్యం కూడా రూపు మార్చుకొన్నది.

కాబట్టి ముందుగా ఆ చట్టం సంగతి కొంత తెలుసుకోవాలి. వీలునామా లేని పక్షంలో తండ్రి భూములన్నీ పెద్దకుమారునికే చెందేవి. కొన్ని ఎస్టేట్లు తరతరాల ఏర్పాటు వలన మగసంతతికి మాత్రమే సంక్రమించేవి. జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో అయిదుగురు కుమార్తెలున్న ఇల్లు ఎవరో దూరపు బంధువు పాలు కాబోతూ ఉండటానికి కారణం ఇదే. పెండ్లాడిన స్త్రీకి చట్టం దృష్టిలో భర్తకు భిన్నమైన అస్తిత్వం లేదు. ఆమె చేతిలోని సొమ్ము, ఆమె సంపాదన, అన్నీ భర్తవి. శ్రీమంతులు తమ కుమార్తెల కోసం ట్రస్టీల పేర సొమ్ము కట్టి ఈ ఇబ్బంది నుంచి కొంత తప్పించుకొనేవారు, ఆ స్తోమత లేనివారికి దారి లేదు. వివాహం వెలుపల పుట్టిన బిడ్డను న్యాయశాస్త్రం 'ఎవరి బిడ్డా కాని బిడ్డ' అన్నది. అట్టి బిడ్డకు తండ్రి నుంచి గాని తల్లి నుంచి గాని వారసత్వం లేదు. ఇక విడాకులా, 1857కు పూర్వం పునర్వివాహానికి అవకాశమిచ్చే విడాకులు కావాలంటే పార్లమెంటులో ఆ ఒక్క దంపతుల కొరకు ప్రత్యేకంగా ఒక చట్టం చేయించుకోవాలి! దానికి అయ్యే ఖర్చు సామాన్యులకు ఊహకు కూడా అందనిది.

వివాహం చెల్లుబాటు కావటానికి కూడా ఒక చట్టం వచ్చింది. 1753లో లార్డ్ హార్డ్‌విక్ తెచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండులో వివాహం చర్చిలో బహిరంగ ప్రకటనతోనో లైసెన్సుతోనో జరగాలి, రిజిస్టరులో నమోదు కావాలి. లైసెన్సుపై జరిగే పెండ్లిలో ఇరవై ఒక్క ఏండ్లు నిండనివారికి తల్లిదండ్రుల అంగీకారం ఉండి తీరాలి. స్కాట్లండుకు ఈ చట్టం వర్తించదు. కాబట్టే ఆనాటి నవలల్లో ప్రేమికులు గుర్రపుబండి ఎక్కి సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే పల్లెకు పరుగు తీస్తారు.

ఈ చట్టం వచ్చిన పదమూడు సంవత్సరాలకు, 1766లో, ఆలివర్ గోల్డ్‌స్మిత్ 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' వెలువడింది. ఈ గ్రంథంతో మన భాషకు గల సంబంధం తెలుగు విద్యార్థులకు తెలిసినదే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'రాజశేఖర చరిత్రము'ను దాని ప్రేరణతోనే ఆరంభించారు. గోల్డ్‌స్మిత్ కథలో వికార్ కుమార్తె ఒలీవియాను గ్రామపు యువ జమీందారు బూటకపు పెండ్లితో మోసగిస్తాడు. పెండ్లి బూటకమైతే ఆమె బ్రతుకు అయిపోయినట్లే. కడపట తేలిన రహస్యం ఏమిటంటే, ఆ జమీందారు నియోగించిన మనిషే అతనిని మోసగించి నిజమైన లైసెన్సును, నిజమైన పురోహితుని తెచ్చాడు. కాబట్టి పెండ్లి చెల్లుతుంది! కథ సుఖాంతం. కాని ఒక్క క్షణం ఆలోచించండి. ఒలీవియా శీలంలో గాని, ఆ యువకుని దుర్మార్గంలో గాని రవంత మార్పు లేదు. మారినది ఒక్క కాగితం. ఆ కాగితమే ఆమెను పతిత నుంచి గృహిణిని చేసింది. గోల్డ్‌స్మిత్ దీనిని వినోదంగా వ్రాశారు. తరువాతి శతాబ్దపు రచయితలకు ఇందులో వినోదం కనిపించలేదు.

షార్లట్ బ్రాంటీ 1847లో 'జేన్ ఐర్' నవలను కరర్ బెల్ అనే మారుపేరుతో ప్రచురించారు. తల్లిదండ్రులు లేని జేన్ థార్న్‌ఫీల్డ్ భవనంలో పంతులమ్మగా చేరి యజమాని రోచెస్టర్‌ను ప్రేమిస్తుంది. చర్చిలో వివాహం జరుగుతుండగా ఒక న్యాయవాది లేచి ఆక్షేపణ తెలుపుతాడు: వరునికి భార్య బ్రతికి ఉన్నది. మేడ మూడవ అంతస్తులో తాళం వెనుక ఉంచిన మతిచలించిన బెర్తా మేసనే ఆ భార్య. గైడు పుస్తకాలలో ఇది భయానక ఘట్టంగా పేర్కొనబడుతుంది. అది నిజమే గాని ఆ తాళం ఎవరు వేశారన్నది అందులో ఉండదు. రోచెస్టర్ తండ్రి ఎస్టేటు చీలకూడదని దానిని పెద్దకుమారునికే వదిలాడు. రెండవ కుమారుడు దరిద్రుడు కాకూడదు గనుక జమైకా ద్వీపంలోని వర్తకుని కుమార్తెను, ముప్పది వేల పౌండ్ల కట్నంతో, చేసిపెట్టాడు. ఆ ద్వీపంలో సంపద అనగా బానిసల చెమట అని వేరే చెప్పనక్కరలేదు. భార్యకు మతి చలించిన తరువాత రోచెస్టర్‌కు విడుదల లేదు. ఎందుకంటే పిచ్చి విడాకులకు కారణం కాదు. జ్యేష్ఠాధికారం, వలస సంపద, విడాకులు లేని వివాహం, ఈ మూడూ కలసి బిగించిన తాళం అది.

రోచెస్టర్ నిర్దోషి అని మేము అనటం లేదు. జేన్‌కు నిజం చెప్పకుండా చర్చి వరకు తీసుకొనివచ్చిన నేరం అతనిదే. చట్టం దారి మూసినప్పుడు శ్రీమంతుడు దొడ్డిదారి వెదకుకోగలడు, పంతులమ్మ వెదకుకోలేదు. అందుకే జేన్ ఆ ఇంటి నుంచి కాలినడకన వెళ్లిపోతుంది. ప్రేమ లేక కాదు, ప్రేమ ఉండి కూడా. మన విద్యార్థినులకు ఈ ఘట్టం ఎందుకు వద్దో మాకు బోధపడదు. తరువాత ఆమెకు పినతండ్రి ఆస్తి ఇరవై వేల పౌండ్లు వస్తే దానిని నలుగురికి సమంగా పంచి తాను అయిదు వేలు మాత్రం ఉంచుకొంటుంది. పెద్దకుమారునికే సర్వం అన్న ఏర్పాటు కారణంగా నడిచిన కథలో ఒక అనాథ బాలిక సమభాగాలు వేయటం చిన్న విషయం కాదు.

ఇక బెర్తా మాట. నవలలో ఆమెకు ఒక్క మాట కూడా లేదు. నూటపందొమ్మిది సంవత్సరాల తరువాత, 1966లో, జీన్ రీస్ అనే రచయిత్రి 'వైడ్ సర్గాసో సీ' అనే నవలలో ఆమె చేత మాట్లాడించారు. ఆ రచయిత్రి స్వయంగా కరిబియన్ సముద్రంలోని డొమినికా ద్వీపంలో జన్మించినవారు. వివాహంతో తన సొమ్మంతా భర్త వశమై, పేరు కూడా అతడు మార్చివేయగా, చలిదేశంలో ఒక గదిలో బందీ అయిన యువతి గాథ అది. ఈ రెండు నవలలూ కలిపి చదివితే గాని మొదటిది పూర్తి కాదు.

అదే 1847లో షార్లట్ చెల్లెలు ఎమిలీ వ్రాసిన 'వుదరింగ్ హైట్స్' కూడా వెలువడింది. హీత్‌క్లిఫ్, కేథరిన్‌ల ఉద్రేకపూరితమైన ప్రేమ గురించి అందరూ చెబుతారు. సి. పి. సాంగర్ అనే న్యాయవాది 1926లో ఒక వ్యాసం వ్రాసి, హీత్‌క్లిఫ్ పగ తీర్చుకొన్న పద్ధతి పూర్తిగా ఆనాటి ఆస్తిచట్టాలకు సరిపోతుందని తేదీలతో సహా చూపారు. లివర్‌పూల్ వీధుల్లో దొరికిన ఊరూ పేరూ లేని బాలుడు తాకట్టు ద్వారా ఒక ఇంటిని, కుమారుని వివాహం ద్వారా మరొక ఇంటిని స్వాధీనం చేసుకొంటాడు. పగకు కత్తి అవసరం లేకపోయింది.

చట్టమే కథానాయకుడా అనిపించే నవల విల్కీ కాలిన్స్ వ్రాసిన 'నో నేమ్'. డికెన్స్ నడిపిన 'ఆల్ ది ఇయర్ రౌండ్' పత్రికలో ఇది 1862 నుంచి ధారావాహికగా వచ్చింది. మన విద్యార్థులకు దీని పేరు అంతగా తెలియదు గనుక కొంత విపులంగా చెబుతాము. వాన్‌స్టోన్ అనే సంపన్న గృహస్థు, భార్య, ఇద్దరు కుమార్తెలు నోరా, మగ్దలెన్. అన్యోన్యమైన కుటుంబం. తండ్రి రైలు ప్రమాదంలో మరణిస్తాడు. కొద్ది రోజులలోనే తల్లి కూడా పోతుంది. అప్పుడు కుటుంబ న్యాయవాది బయటపెట్టిన రహస్యం ఇది: వాన్‌స్టోన్ యౌవనంలో కెనడాలో ఒక స్త్రీని పెండ్లాడి మోసపోయి విడిచివచ్చాడు. ఆమె బ్రతికి ఉన్నన్నాళ్లు ఈ తల్లితో వివాహం సాధ్యపడలేదు. అందుచేత దంపతులవలె జీవించారు. మొదటి భార్య మరణవార్త అందిన వెంటనే సంతోషంతో చర్చికి వెళ్లి ఇద్దరూ వివాహం చేసుకొన్నారు. ఆ సంతోషమే కుమార్తెల పాలిట విషమైనది. ఎట్లాగంటే, అతడు పూర్వమే కుమార్తెలకు ఆస్తి వ్రాసి వీలునామా పెట్టి ఉన్నాడు. 1837 నాటి వీలునామాల చట్టం ప్రకారం వివాహం జరగగానే అంతకు ముందరి వీలునామా రద్దవుతుంది. క్రొత్త వీలునామా వ్రాయించటానికి న్యాయవాదికి కబురంపిన సమయంలోనే మరణం సంభవించింది. వీలునామా లేదు కాబట్టి వారసులకు చెందాలి. పుట్టినప్పుడు తల్లిదండ్రులకు వివాహం లేదు కాబట్టి కుమార్తెలు వారసులు కారు. ఆస్తి యావత్తూ తండ్రితో ఏనాడో వైరం పెట్టుకొన్న పెదతండ్రికి పోయింది.

స్కాట్లండులో అయితే తల్లిదండ్రులు తరువాత వివాహం చేసుకొంటే బిడ్డలు సక్రమ సంతానం అవుతారు. ఒకే రాణి ఏలుబడిలో, సరిహద్దుకు ఆవల పుట్టిన బిడ్డకు పేరు ఉన్నది, ఈవల పుట్టిన బిడ్డకు లేదు. నవల పేరులోని ఎత్తిపొడుపు ఇదే. అక్క నోరా ఓర్పుతో పంతులమ్మగా జీవనం సాగిస్తుంది. చెల్లెలు మగ్దలెన్ మాత్రం మారుపేరుతో, మారువేషంతో, ఆస్తిని పొందిన పెదతండ్రి కుమారుని పెండ్లాడి సొత్తు రాబట్టుకోవాలని పన్నాగం పన్నుతుంది. చట్టం ఆమెకు పేరు లేదన్నది గనుక ఆమె ఏ పేరైనా పెట్టుకొన్నది! ఆమె పన్నాగాన్ని మేము మెచ్చటం లేదు, కాలిన్స్ కూడా మెచ్చలేదు. కాని పాఠకుడు ఆమెను ద్వేషించలేడు. కాలిన్స్ స్వయంగా ఎవరినీ వివాహమాడకుండా రెండు సంసారాలు నడిపినవారు, ముగ్గురు బిడ్డలకు తండ్రి. ఈ చట్టం తన బిడ్డలకు ఏమి చేయగలదో ఆయనకు తెలియనిది కాదు.

అంతకు ముందు వచ్చిన 'ది వుమన్ ఇన్ వైట్' (1859-60) కాలిన్స్ గ్రంథాలలో ప్రసిద్ధమైనది. అందులో సర్ పర్సివల్ గ్లైడ్ అనే ప్రభువు తన తల్లిదండ్రులకు వివాహం కాలేదన్న గుట్టు దాచుకొనుటకు ఒక పాత చర్చి రిజిస్టరులో పేజీ అడుగున మిగిలిన ఖాళీలో వారి పెండ్లి జరిగినట్లు దొంగ నమోదు చేస్తాడు. ఆ రిజిస్టరుకు మరొక ప్రతి వేరొక ఊరిలో భద్రంగా ఉన్నదనీ, అందులో ఆ చోటు ఖాళీగానే ఉన్నదనీ కథానాయకుడు కనుగొంటాడు. దయ్యాలూ శాపాలూ లేకుండా, ఒక ఖాళీ జాగా చూసి పాఠకునికి గుండె ఝల్లుమనేటట్లు వ్రాయగలగటం సామాన్యమైన నేర్పు కాదు.

ఇంతవరకు చెప్పినవి ఇంటి లోపలి కథలు. వీధిలో ఆ కాలంలోనే మరొక కల్లోలం సాగుతున్నది. మిల్లులు, రైళ్లు, సమ్మెలు, వోటుహక్కు పోరాటాలు బ్రిటన్‌ను కుదిపివేశాయి. ఎలిజబెత్ గాస్కెల్ మాంచెస్టర్‌లో నివసిస్తూ అక్కడి నూలుమిల్లుల జీవితాన్ని కండ్లార చూసిన రచయిత్రి. ఆ మిల్లుగుడ్డ మన తీరాంధ్రపు మగ్గాల నోట మన్ను కొట్టిన సంగతి మన చరిత్ర విద్యార్థులకు తెలుసు. ఆ మిల్లులలోనే కూలీలు ఎట్లా ఆకలితో మాడారో ఆమె నవలలు చెబుతాయి. 'నార్త్ అండ్ సౌత్' (1854-55)లో మిల్లు యజమాని థార్న్‌టన్, దక్షిణాది నుంచి వచ్చిన మార్గరెట్ ఒకరినొకరు అపార్థం చేసుకొంటూనే ఆకర్షితులవుతారు. సమ్మె జరుగుతున్నది. మార్గరెట్ ఇంట ఒక గుట్టు ఉన్నది: నౌకాదళంలో క్రూరుడైన కెప్టెన్‌పై తిరుగుబాటు చేసి పరదేశం పారిపోయిన అన్న, తల్లి మరణశయ్యపై ఉండగా చాటుగా వచ్చాడు. దొరికితే మరణశిక్ష. అతనిని రైలు ఎక్కించటానికి వెళ్లిన మార్గరెట్ తరువాత పోలీసుకు అబద్ధం చెబుతుంది. మేజిస్ట్రేటు కూడా అయిన థార్న్‌టన్ ఆ అబద్ధాన్ని ఎరిగి, ఆ యువకుడు ఆమె ప్రియుడనే తలచి కూడా, ఆమెను విచారణ నుంచి కాపాడుతాడు. ఇంటి లోపలి తిరుగుబాటుదారును దాచిన యువతి మిల్లులోని తిరుగుబాటుదారుల పక్షాన మాట్లాడటంలో రచయిత్రి ఉద్దేశం ఊహించటం కష్టం కాదు.

గుట్టునూ వీధి కల్లోలాన్నీ ఒకే ముడిగా వేసిన నవల జార్జ్ ఎలియట్ రచించిన 'ఫీలిక్స్ హోల్ట్'. 1832 సంస్కరణ చట్టం పట్టణాలలో సాలుకు పది పౌండ్ల విలువ గల ఇంట కాపురముండే పురుషులకు వోటు ఇచ్చింది. కథ ఆ చట్టం తరువాతి ఎన్నికల రోజులది. నవల ప్రచురితమైనది 1866లో, రెండవ సంస్కరణ చట్టం గురించి దేశమంతా వాదించుకొంటున్న సమయంలో. ట్రాన్సమ్ వంశపు వారసుడు హెరాల్డ్ పదిహేనేండ్లు తూర్పుదేశాలలో గడిపి ధనవంతుడై తిరిగివచ్చి, వంశాచారానికి విరుద్ధంగా సంస్కరణవాదుల పక్షాన ఎన్నికలలో నిలుస్తాడు. ఎస్టేటును దోచుకొన్న న్యాయవాది జెర్మిన్‌పై దావా వేయ సంకల్పిస్తాడు. తల్లి వారిస్తుంది, కారణం చెప్పదు. చివరకు నలుగురి ఎదుట జెర్మిన్ ఆ కారణం బయటపెడతాడు: హెరాల్డ్‌కు తండ్రి తానే. హెరాల్డ్ తలెత్తి చూస్తే గోడ అద్దంలో ఒకేరకపు రెండు ముఖాలు. ప్రజల పక్షాన మాట్లాడుతూ కూడా వంశగౌరవాన్ని వదలుకోలేని మనిషికి ఆ అద్దం వేసిన శిక్ష అంతా ఇంతా కాదు. అయితే మాకు అన్నిటికన్న గొప్పగా తోచినది తల్లి పాత్ర. కుమారుడు తిరిగిరావాలని ఇన్నేండ్లు ఎదురుచూసిన ఆమె, వచ్చిన కుమారుని అడుగుల చప్పుడు వింటేనే భయపడుతూ బ్రతుకుతుంది.

ఈ నవలలోని ఆస్తి వివాదం చట్టరీత్యా తప్పు పోకూడదని రచయిత్రి ఫ్రెడరిక్ హారిసన్ అనే న్యాయవాదిని సంప్రదించారు. ఆమె జీవితమే ఆ చట్టానికి ఒక ఉదాహరణ. 1854 నుంచి జి. హెచ్. లూయిస్‌తో కలసి జీవించినా ఆమె అతనిని వివాహమాడలేకపోయారు. అతని భార్య దారి తప్పినా, ఒకసారి క్షమించాడు గనుక విడాకుల హక్కు పోయింది. క్షమించటం నేరమయ్యే చట్టం!

1857లో విడాకుల న్యాయస్థానం ఏర్పడింది. భార్య వ్యభిచారం ఒక్కటే నిరూపిస్తే భర్తకు విడాకులు. భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, పరిత్యాగమో మరొకటి కూడా నిరూపిస్తే గాని భార్యకు లేవు. ఈ రెండు తూనికలు 1923 వరకు ఉన్నాయి. థామస్ హార్డీ 1891లో వెలువరించిన 'టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్' ఈ తూనికరాళ్లను పాఠకుని అరచేతిలో పెట్టిన నవల. పేద కుటుంబపు టెస్ బలవంతునికి బలియై బిడ్డను కని పోగొట్టుకొంటుంది. తరువాత ఏంజెల్ క్లేర్‌ను ప్రేమిస్తుంది. గతమంతా లేఖ వ్రాసి అతని గది తలుపు క్రింద త్రోస్తుంది; ఆ లేఖ తివాచీ అడుగుకు జారిపోయి అతనికి అందదు. పెండ్లి రాత్రి ఏంజెల్ తానే ముందుగా లండనులో ఒక పరస్త్రీతో గడిపిన సంగతి చెప్పి క్షమాపణ కోరుతాడు. ఆమె వెంటనే క్షమిస్తుంది. ఇక తన మాట కూడా చెప్పవచ్చునని ధైర్యం వచ్చి చెబుతుంది. అతడు క్షమించడు. మరొక సంగతి కూడా చెప్పాలి. 'గ్రాఫిక్' వారపత్రికలో ఈ నవల ధారావాహికగా వచ్చినప్పుడు, సభ్యత కోసం టెస్ దుర్గతికి బదులు ఒక బూటకపు పెండ్లి కథ కల్పించవలసి వచ్చింది. అంటే గోల్డ్‌స్మిత్ కాలపు కిటుకు నూటపాతికేండ్ల తరువాత మళ్లీ అక్కరకు వచ్చింది! ఏంజెల్ పాలేరు పిల్లలను నీటి బాట దాటించే ఘట్టంలో చేతులమీద ఎత్తుకోకూడదని, తోపుడుబండి ఒకటి పెట్టించారు. పరిశుద్ధత పేరిట కథను కోసేవారు సామాన్యంగా అన్యాయాన్ని విడిచి ఇటువంటి వాటినే కోస్తారు.

ఇ. ఎం. ఫార్‌స్టర్ పేరు మన ప్రాంతానికి పరాయిది కాదు. 1906లో ఆయన వద్ద లాటిన్ చదివిన సయ్యద్ రాస్ మసూద్, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌గారి మనుమడు, 1916 నుంచి 1928 వరకు హైదరాబాదు సంస్థానంలో విద్యాశాఖ డైరెక్టరుగా ఉండి ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనలో పాలుపంచుకొన్నారు. 'ఎ పాసేజ్ టు ఇండియా' ఆయనకే అంకితం. ఫార్‌స్టర్ 1910లో వ్రాసిన 'హోవర్డ్స్ ఎండ్'లో ఏంజెల్ క్లేర్ రాత్రి మళ్లీ వస్తుంది, కాని ఈసారి స్త్రీ ఎదురు ప్రశ్నిస్తుంది. మార్గరెట్ తన భర్త పాత తప్పును క్షమించింది. వివాహం లేకుండా గర్భవతియైన ఆమె చెల్లెలు ఒక్క రాత్రి ఇంట నిద్రపోవటానికి అతడు ఒప్పుకోడు. నీకొక న్యాయం, ఆమెకొక న్యాయమా అని మార్గరెట్ అతని ముఖంమీదనే అడుగుతుంది. చివరకు ఆ ఇల్లు ఎవరికి పోబోతున్నది? పేద గుమాస్తాకు ఆ చెల్లెలు కన్న బిడ్డకు. అర్ధశతాబ్దం పూర్వం కాలిన్స్ నవలలో పేరు లేక వీధిపాలైన బిడ్డ ఇక్కడ వారసుడైనాడు.

కథలో జరిగినది చట్టంలో జరగటానికి మరికొంత కాలం పట్టింది. 1926లో ఇంగ్లండులో తరువాతి వివాహం బిడ్డను సక్రమ సంతానం చేస్తుందని అంగీకరించారు. దత్తత కూడా ఆ సంవత్సరమే చట్టబద్ధమైనది. నయం కాని పిచ్చి విడాకులకు కారణంగా 1937లో చేరింది, అంటే 'జేన్ ఐర్' వెలువడిన తొంబది సంవత్సరాలకు. ఆ బిల్లును పట్టుబట్టి నెగ్గించిన పార్లమెంటు సభ్యుడు ఎ. పి. హెర్బర్ట్ స్వయంగా నవలాకారుడు. విడాకుల చట్టం మనుషుల చేత ఎట్లా అబద్ధాలు ఆడిస్తున్నదో 1934లో 'హోలీ డెడ్‌లాక్' అనే నవలలో ఎగతాళి చేసి, మరుసటి ఏడు సభలో ప్రవేశించారు. వివాహం వెలుపల పుట్టిన బిడ్డలకు తల్లిదండ్రుల ఆస్తిలో వారసత్వం 1969 చట్టంతో లభించింది. దత్తు పోయిన బిడ్డ పెద్దయిన తరువాత తన అసలు జనన పత్రాన్ని చూడవచ్చునని 1975లో అనుమతించారు.

చట్టం ఇంత సడలిన తరువాత రహస్యాలు లేకుండా పోయాయా అంటే, లేదు. క్రొత్త గోడల వెనుకకు చేరాయి. ఆండ్రియా లెవీ 2004లో వ్రాసిన 'స్మాల్ ఐలాండ్' చూడండి. 1948 జూన్ 22న 'ఎంపైర్ విండ్‌రష్' అనే ఓడ జమైకా మొదలైన ద్వీపాలవారిని ఇంగ్లండు తీరానికి చేర్చింది. రచయిత్రి తండ్రి ఆ ఓడలోనే వచ్చారు. నవలలో యుద్ధానికి వెళ్లిన భర్త ఇంకా తిరిగిరాని క్వీనీ అనే తెల్ల యువతి లండనులోని తన ఇంటిలో జమైకావారికి గదులు అద్దెకిస్తుంది. ఇరుగుపొరుగు ఈసడిస్తారు. భర్త తిరిగివచ్చాక ఆమె ప్రసవిస్తే బిడ్డ నల్లని బిడ్డ. భర్త పెంచుదామనే అంటాడు. కాని ఆ వీధిలో ఆ బిడ్డ ఎట్లా పెరుగుతాడో ఆమెకు తెలుసు. తన ఇంట అద్దెకున్న గిల్బర్ట్, హార్టెన్స్ దంపతులను, మీవంటి రంగు గలవాడు, మీరు పెంచండి అని మోకరించి వేడుకొంటుంది. ఈసారి బిడ్డను తల్లి నుంచి విడదీసినది ఏ చట్టమూ కాదు, వీధి చూపు. ఆ బిడ్డ తండ్రి మైకేల్ యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసినవాడు, జమైకాలో హార్టెన్స్‌తో కలసి ఒకే ఇంట పెరిగినవాడు, ఆమె బాల్యం నుంచి మనసులో నిలుపుకొన్నవాడు. ఈ సంగతి క్వీనీకి తెలియదు, హార్టెన్స్‌కు తెలియదు. పుస్తకం చేతబట్టిన పాఠకునికి మాత్రమే తెలుసు. హార్టెన్స్ ఆ పసివానిని పరాయి బిడ్డ అనుకొనే ఎత్తుకొని, ఆ ఇంటి మెట్లు దిగి వెళ్లిపోతుంది.